వెనక్కి తీసుకున్న సాక్ష్యం

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. వెలుగును కలిగించి చీకటికి హద్దు పెట్టినవానికి, కంటికి ఆనని అణువులో కూడా తన క్రమాన్ని నిలిపినవానికి స్తోత్రం. మనం పలికి మరిచిపోయిన మాటలను మరువనివానికి, అయినా మనల్ని తన సన్నిధికి రానిచ్చేవానికి యుగయుగాలు మహిమ కలుగుగాక. ఆ సన్నిధికి భయపడుతూనే ఒక మనిషిని గురించి రాస్తున్నాను. ఆయన పేరు రాయను. బతికి ఉండగా తన పేరు నోటీసు బోర్డు మీద కనిపించినా ముఖం పక్కకు తిప్పుకుని నడిచిన మనిషి ఆయన.

పోయిన వర్షాకాలంలో ఆయన కన్నుమూశారు. మాతో పనిచేసిన బిమల్‌దా ఫోన్ చేసి, "సార్ నేయ్, దాదా" అన్నాడు. సార్ లేరు అని. కొన్నాళ్లకు వాట్‌గంజ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం ఆయన కోసం జ్ఞాపకార్థ కూడిక జరిపింది. ఆ కూడికలో వినిపించిన ఒక్క వాక్యం నా చేత ఇదంతా రాయిస్తోంది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ మహానగరానికి వచ్చి ఓడరేవు డాకుల్లో పనిచేశాడు. నేను వాట్‌గంజ్‌లోనే పుట్టి, సాల్ట్ లేక్‌లోని ఒక పరిశోధనశాలలో వాక్యూం పంపులు చూసే పనిలో చేరాను. ఆయన అక్కడ శాస్త్రవేత్త. గుంటూరు వైపు వారు. ఒంటరి మనిషి. ఆ భవనం మొత్తంలో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ప్రతి ఆదివారం ఆయన సాల్ట్ లేక్ నుంచి రెండు బస్సులు మారి మా సంఘానికి వచ్చేవారు. ఒక బెంగాలీ చర్చి వాళ్ల హాలును మధ్యాహ్నం పూట అడిగి తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లం. ఆయన వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుని ఉండేది.

ఆయన అనగానే నాకు మొదట గుర్తొచ్చేది జేబులో పెట్టుకున్న ఎడమ చెయ్యి. ఎక్కువ వోల్టేజీ దగ్గర పనిచేసేవాళ్లు ఒక చెయ్యి జేబులో ఉంచుకుంటారు. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండెలోంచి పోతుంది. ఆయనకది ఎంత అలవాటైపోయిందంటే బస్సులో, టీకొట్టు దగ్గర, చివరికి ప్రార్థనలో కూడా ఆ చెయ్యి జేబులోనే ఉండేది. మా మేనత్త సుగుణత్తకి అది గిట్టేది కాదు. ఆమె కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేసి, అప్పటికి సంఘంలో అందరికంటే పెద్దదై, ముందు బల్ల మీద కూర్చునేది.

"ఏట్రా ఆశీర్వాదం, మీ సార్ బాబు దేవుడి ముందర జేబులో సెయ్యెట్టుకుని నిలబడతాడేటి? దేవుడేటి, ఈయన ఆఫీసులో గుమస్తానా?" అంది నాతో, ఆయనకు వినపడేలాగే.

ఆయన నవ్వి చెయ్యి బయటికి తీశారు. పాట రెండో చరణానికి వచ్చేసరికి అది మళ్లీ జేబులో ఉంది.

ఇంకో అలవాటు ఆయన మాటలో ఉండేది. దేన్నీ తేల్చి చెప్పేవారు కాదు. పంపు పనిచేస్తోందా అంటే "చేస్తున్నట్టుంది" అనేవారు. "బువ్వ తిన్నావా బాబూ అంతే తిన్నట్టుంది అంతాడు. తిన్నోడికి తెలీదేటి?" అని సుగుణత్త సంఘమంతటినీ నవ్వించేది.

ఆయన పని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఒక గాజుగొట్టంలో కాస్త హైడ్రోజన్ వాయువు నింపేవాళ్లం. కెపాసిటర్లని విద్యుత్తును దాచి ఉంచే పెద్ద పెట్టెలు ఉంటాయి. వాటిలో దాచినదంతా ఒక్కసారిగా ఆ గొట్టంలోకి వదిలితే వాయువు మెరుపులా వెలిగి, అణువుల్లోని ఎలక్ట్రాన్లు విడిపోతాయి. దాన్నే ప్లాస్మా అంటారు. అది రెప్పపాటు కూడా నిలవదు. సరిగ్గా అది చిక్కగా ఉన్న క్షణంలో అయాన్ల, అంటే విద్యుదావేశమున్న కణాల, కిరణాన్ని దాని గుండా పంపాలి. అవతలి కొసన దాన్ని పసిగట్టే డిటెక్టర్ ఉంటుంది. కిరణం ఎంత ఆలస్యంగా వచ్చి చేరిందో చూస్తే దారిలో ఎంత శక్తి పోగొట్టుకుందో తెలుస్తుంది. ఎప్పటికైనా ఇలాంటి కిరణాలతో ఒక చిన్న ఇంధన గుళికను వేడిచేసి, సూర్యుడిలో పుట్టే శక్తిని భూమి మీద పుట్టించాలని శాస్త్రవేత్తల ఆశ. కిరణం ఎంత దూరం పోయి ఆగుతుందో తెలియనిదే ఆ పని కుదరదు.

మామూలు వాయువులో కంటే ప్లాస్మాలో కిరణం ఎక్కువ శక్తి ఎందుకు పోగొట్టుకుంటుందని ఒకసారి అడిగాను. అప్పుడు మేం ధర్మతల్లాలో బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి పోతోంది.

"చూడు, ఆశీర్వాదం. వీళ్లు ఒకరి వెనక ఒకరు వరసలో ఉన్నారు. ఎవడి జెండా వాడు పట్టుకున్నాడు. మధ్యలోంచి దూరి అటు పోవాలంటే పోవచ్చు. ఎవడూ నిన్ను పట్టించుకోడు. మీటింగు అయిపోయాక రా. అందరూ విడిపోయి ఉంటారు. ఒకడు భుజం తగిలిస్తాడు, ఒకడు అగ్గిపెట్టె అడుగుతాడు, ఒకడు హౌరా బస్సెక్కడ దాదా అంటాడు. ఆ జనాన్ని దాటేసరికి నీలో ఓపిక ఉండదు."

"ఆ విడిపోయిన జనమే ప్లాస్మానా సార్?"

"అయినట్టుంది" అన్నారు.

ఆ గదిలో ఒక ఇత్తడి కర్ర ఉండేది. కొసన ఇత్తడి కొక్కెం, పట్టుకునేచోట ఎండుకర్ర, కొక్కెం నుంచి భూమిలోకి లావుపాటి తీగ. ప్రతి షాట్ తర్వాత, అంటే గొట్టాన్ని వెలిగించిన ప్రతిసారీ, కెపాసిటర్ల చుట్టూ ఉన్న కంచె లోపలికి వెళ్లేముందు ఆ కర్రతో ఒక్కో కెపాసిటర్‌నూ తాకాలి. మిగిలిన విద్యుత్తు టప్‌మని భూమిలోకి దిగిపోతుంది. అందరూ ఒకసారి తాకి వదిలేసేవారు. ఆయన అన్నీ తాకి, కాసేపు అలాగే నిలబడి, మళ్లీ మొదటి నుంచి తాకేవారు. బిమల్‌దా విసుక్కునేవాడు.

"సార్, మరా జినిస్‌కే ఆర్ కొతోబార్ మార్‌బేన్?" చచ్చినదాన్ని ఇంకెన్నిసార్లు చంపుతారు అని.

"చావలేదయ్యా" అనేవారు ఆయన కూడా బెంగాలీలోనే. "వీటికి జ్ఞాపకం ఉంటుంది. ఖాళీ చేసినా లోపల అంటుకున్నది కొంచెం ఉండిపోతుంది. వదిలేస్తే అది నెమ్మదిగా పైకొస్తుంది. ఒకసారి చంపామని నమ్మి చెయ్యి పెట్టినవాళ్లే పోయారు."

రెండోసారి తాకినప్పుడు నిజంగానే చిన్న చప్పుడు వినిపించేది. అప్పుడు మాత్రం ఆయన బిమల్‌దా వైపు చూసేవారు.

ఆ రోజుల్లో మా గదికి గండం వచ్చింది. పై నుంచి ఒక కమిటీ వచ్చి, ఆ ప్లాస్మా ఏర్పాటును ఉంచాలా, తీసేసి గదిని ఇంకో పనికి ఇవ్వాలా అన్నది తేల్చబోతోంది. చూపించడానికి ఒక గట్టి ఫలితం లేకపోతే గది పోతుంది. ఆయన వయసుకి మళ్లీ మొదటి నుంచి ఇంకో ఏర్పాటు కట్టుకునే అవకాశం లేదు. ఆయనకు ఉన్నదంతా ఆ గదే. ఒక ఆదివారం ప్రార్థన మనవులు అడుగుతుంటే ఆయన లేచారు. తన కోసం ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నా పనిలో ఒక ఫలితం కావాలి. కమిటీ వచ్చేలోపల. మీకు వీలైతే ప్రార్థన చెయ్యండి."

అది ఏ పనో సంఘంలో ఎవరికీ అర్థం కాలేదు. అయినా మావాళ్లు పట్టుకున్నారంటే విడిచిపెట్టరు. సుగుణత్త ఆడవాళ్లందరినీ పోగుచేసి శుక్రవారాల్లో ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. "పరలోకపు తండ్రీ, ఆ బాబు గొట్టంలో మంట ఎలిగించు నాయనా" అని ఆమె కన్నీళ్లతో ప్రార్థించడం నేను విన్నాను. గొట్టం సంగతి నేను చెప్పిందే.

ఫలితం వచ్చింది. లెక్కల ప్రకారం రావలసిన దానికంటే కిరణం చాలా ఆలస్యంగా చేరుతోంది. కిరణం చేరిన క్షణాన్ని డిటెక్టర్ తెర మీద చూపే గీత ప్రతిసారీ అదే చోట, నిక్కచ్చిగా లేచేది. అంత చిక్కటి ప్లాస్మాలో ఇంత శక్తి పోవడం ఇంతకుముందు ఎవరూ చూపలేదని ఆయనే అన్నారు. బిమల్‌దా రసగుల్లాలు తెచ్చాడు.

కృతజ్ఞతార్పణ ఆదివారం, దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పే సాక్ష్యానికి ఆయన లేచారు. ఆ రోజు రెండు చేతులూ పైకెత్తారు. "సంఘం ప్రార్థించింది. దేవుడు ఫలితం ఇచ్చాడు" అన్నారు. ఇచ్చినట్టుంది అనలేదు. హాలంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. సుగుణత్త పాట ఎత్తుకుంది. ఆయన అంతగా నవ్వడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మర్నాడు ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"కాగితం మీద రాసినప్పుడు భయం వెయ్యలేదు, ఆశీర్వాదం. కాగితమైతే రేపు దిద్దుకోవచ్చు. నిన్న దేవుడి పేరు పెట్టి చెప్పాను. ఇంటికెళ్లాక భయమేసి, రాత్రంతా నోట్సు మళ్లీ తిరగేశాను. ఖాళీ షాట్ ఎప్పుడు తీశాం?"

ఖాళీ షాట్ అంటే కిరణం దారికి మూత వేసి, ప్లాస్మాను మాత్రం వెలిగించడం. కిరణమే రానప్పుడు డిటెక్టర్ ఏమీ చూపించకూడదు. మొదట్లో తీశాం, తెర శుభ్రంగా ఉంది. కానీ ఆ తర్వాత వానలకు భవనంలోకి నీళ్లు చేరి, డిటెక్టర్ ఎర్త్ తీగ తడిసిపోతే దాన్ని వేరే చోటికి మార్చారు. మార్చాక మళ్లీ ఖాళీ షాట్ తియ్యాలని ఎవరికీ తట్టలేదు. సాల్ట్ లేక్‌లో నీళ్లు చేరడం, తీగలు మార్చడం ఏటా ఉండే పనే.

మూత వేశాం. బిమల్‌దా మీట నొక్కాడు. గొట్టం మెరిసింది. తెర మీద గీత లేచింది. అదే చోట, అంతే ఎత్తున.

కిరణం లేదు. గీత మాత్రం ఉంది.

"ఆరేక్‌బార్ దేఖి, సార్" అన్నాడు బిమల్‌దా. ఇంకోసారి చూద్దాం అని. ఇంకోసారి చూశాం. ఆ తర్వాత కూడా చూశాం. కెపాసిటర్లు ఖాళీ అయ్యేటప్పుడు పుట్టే అలజడి ఆ కొత్త తీగ వెంట వచ్చి డిటెక్టర్‌ను కుదిపేస్తోంది. అన్నాళ్లూ మేం చూసింది దాన్నే. అసలు కిరణం ఆ అలజడి కింద ఎక్కడో మునిగిపోయింది. ఆయన కర్ర తీసుకుని కెపాసిటర్లు తాకారు. కాసేపు ఆగి, మళ్లీ తాకారు.

బిమల్‌దా ఆయన దగ్గరికి వచ్చాడు. అతనికి ఆయనంటే ప్రాణం. "సార్, కమిటీ వచ్చి వెళ్లిపోనివ్వండి. తీగ సరిచేసుకుని మళ్లీ తీద్దాం. అసలు ఫలితం కూడా వస్తుందేమో, ఎవరికి తెలుసు? అప్పుడు చెబుదాం."

"కమిటీ కంటే ముందు ఆదివారం వస్తుంది కదయ్యా" అన్నారు ఆయన.

ఆ రోజే పై అధికారులకు ఈ ఫలితం నిలవదని రాసి ఇచ్చేశారు. ఆదివారం వచ్చింది. సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అన్నారు పాస్టరయ్యగారు. ఆయన లేచారు. ఎడమ చెయ్యి జేబులో ఉంది.

"దేవుడు నాకు ఫలితం ఇచ్చాడని మీ అందరి ముందూ చెప్పాను."

"స్తోత్రం!" అన్నారు సంఘమంతా, అలవాటుగా.

"అది నిజం కాదు."

వెనక వరసలో ఎవరో "స్తో" అని ఆగిపోయారు.

"నేను పొరబడ్డాను. మేం చూసింది కిరణం కాదు. తెలియక చెప్పినా అబద్ధ సాక్ష్యం అబద్ధ సాక్ష్యమే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఇంకెవరికైనా చెప్పి ఉంటే, కాదని చెప్పండి."

మా సంఘంలో సాక్ష్యం చెప్పి ఏడ్చినవాళ్లున్నారు, పాడినవాళ్లున్నారు. వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. సుగుణత్త ముందు బల్ల మీద నుంచి వెనక్కి తిరిగింది.

"ఏటి బాబూ! దేవుడికిచ్చిన తోత్రం ఎనక్కి తీసుకుంతావేటి?"

"స్తోత్రం ఆయనకే ఉంచండమ్మా. నేను చెప్పిన కారణం ఒక్కటే తీసుకుంటున్నాను."

"మరి మేం శుక్కురారాలు పస్తులున్నదేటైపోద్ది?"

ఆయన "తెలీదమ్మా" అని కూర్చున్నారు.

ఆ రోజు ఆరాధన ఎలా ముగిసిందో నాకు సరిగా గుర్తులేదు. మెట్ల మీద ఒక పెద్దమనిషి నన్ను ఆపి, "మీ సారు ఇంట్లో మోకాళ్ల మీద ఒప్పుకుంటే సరిపోయేది కదా, పిల్లల విశ్వాసం ఏం కావాలి?" అన్నారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చున్నాను. అది గొప్పకు చెప్పడం లేదు. ఆయన పక్కన చోటు ఖాళీగా ఉండేది.

కమిటీ వచ్చింది, చూసింది, వెళ్లింది. గదిని ఇంకో విభాగానికి ఇచ్చారు. తీగ సరిచేసి మళ్లీ షాట్లు తీసే అవకాశం మాకు రాలేదు. సామాను విప్పేసే రోజున కూలీలు గుమ్మంలో నిలబడి ఉండగా, ఎన్నాళ్లుగానో ముట్టని కెపాసిటర్లను ఆయన ఆ ఇత్తడి కర్రతో వరసగా తాకారు. ఆగారు. మళ్లీ తాకారు. ఈసారి చప్పుడేమీ రాలేదు. "ఇక తీసుకెళ్లండి" అన్నారు. కర్రను నా చేతికిచ్చి వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

అక్కడి నుంచి రిటైరయ్యేదాకా ఒక మూల టేబుల్ దగ్గర ఇతరుల లెక్కలు సరిచూస్తూ గడిపారు. రిటైరయ్యాక కూడా సాల్ట్ లేక్‌లోనే ఒక అద్దె గదిలో ఉండిపోయారు. ఆదివారాలు మాత్రం మానలేదు. చివరి బల్ల మీద కూర్చునేవారు. సాక్ష్యాల వేళ తల వంచుకునేవారు. ఆరాధన అయ్యాక డాక్ గేటు దగ్గర మట్టి ముంతల్లో టీ తాగేవాళ్లం. ఒకసారి అడిగాను.

"బాధగా ఉంటుందా సార్?"

"ఉంటుంది" అన్నారు.

"అంతమంది అడిగారు కదా. దేవుడెందుకు ఇవ్వలేదు?"

ఆయన ముంతలో అడుగున మిగిలిన టీని పారబోశారు. "అది నాకు తెలీదు. ఇవ్వనిదాన్ని ఇచ్చాడని ఆయన మీద పెట్టకూడదు. అది ఒక్కటే తెలుసు." ముంతను అందరిలా కిందపడేసి పగలగొట్టకుండా మెల్లగా గట్టు మీద పెట్టారు. హుగ్లీ వైపు నుంచి ఓడ కూత వినిపిస్తోంది. ఆయన ఆ ప్రశ్నకి జవాబు దొరకకుండానే వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ జ్ఞాపకార్థ కూడిక సంగతి. మా ఇప్పటి పాస్టరుగారు కొత్తవారు, చిన్నవారు, మంచివారు. మా సార్‌ను చివరి రోజుల్లో మాత్రమే చూసినవారు. సంఘంలో వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకుని వచ్చారు. ప్రసంగంలో ఇలా అన్నారు: "ఈ సంఘపు తల్లులు ఉపవాసముండి ప్రార్థిస్తే, దేవుడు ఈ సహోదరునికి లోకంలో ఎవరికీ దొరకని గొప్ప ఆవిష్కరణ అనుగ్రహించాడు."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

నాకు ఇత్తడి కర్ర రెండోసారి తాకినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ల తర్వాత, ఆయన లేనప్పుడు, ఆయన వెనక్కి తీసుకున్న మాట మళ్లీ పైకొచ్చింది. ఇక ఆయన లేచి కాదనలేరు. నేను లేచాను.

"అయ్యగారూ, క్షమించండి. ఆ ఫలితం నిజం కాదని ఆయనే ఇదే హాల్లో చెప్పారు. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకున్నారు. దానివల్ల ఆయన గది పోయింది, పరిశోధన ఆగిపోయింది. మనం దాన్ని మళ్లీ ఆయన మీద పెట్టకూడదు."

యువకులు కొందరు నన్ను విచిత్రంగా చూశారు. పాస్టరుగారు పుస్తకంలోకి చూపు దించుకున్నారు. అప్పుడు ముందు బల్ల మీద నుంచి సుగుణత్త గొంతు వినిపించింది. ఆమెకిప్పుడు కళ్లు సరిగా కనిపించవు.

"అవునయ్యా. ఆ బాబు ఎనక్కి తీసుకున్నాడు. తోత్రం మట్టుకు ఉంచమన్నాడు. ఉంచేం."

కూడిక ముగిసి కిందికి దిగుతుంటే మెట్ల మీద ఒకావిడ కూతురితో చెబుతోంది, "మన ప్రార్థన వల్లే ఆ తాతగారు పేద్ద కొత్త సంగతి కనిపెట్టారమ్మా" అని. అందుకే ఇది రాశాను. ఒకసారి తాకితే చాలదని ఆయన చేతుల్లో చూసినవాణ్ణి.

చదివేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, నీ సేవకుణ్ణి మాకు కొంతకాలం ఇచ్చినందుకు స్తోత్రం. ఆయన అడిగింది నీవు ఇవ్వలేదు. ఎందుకో మాకు తెలియదు. ఆ తల్లుల ఉపవాసాలు నీ యెదుట ఉన్నాయి, వాటిని మరువకు. నీవు చెయ్యనిదాన్ని చేశావని మేం చెప్పుకోకుండా మా నోళ్లకు కాపలా ఉంచు. గీత లేచిన ప్రతిసారీ పాట అందుకునే మాకు, మూత వేసి మళ్లీ చూసుకునే భయభక్తులు దయచెయ్యి. ఆమేన్ అనేముందు, మీరు నీళ్లు నమలకుండా వెనక్కి తీసుకోవలసిన మాట ఏదైనా ఉంటే, దాన్ని కూడా ఈ ప్రార్థనలో చేర్చండి.